వాసన ఆగిన చోట

గుహ నోట్లోంచి ఆవిరి వస్తోంది.
ఐస్‌లాండ్ నడిబొడ్డున ఆగస్టు నెల.
కింద నిద్రపోని అగ్నిపర్వతం, పైన వందలేళ్ళ మంచు,
రెంటి మధ్యా మనిషి దూరేంత సందు.

లోపలికి వెళ్ళేది హాల్‌ఫ్రీదుర్, ఆమె శిష్యుడు యోకుల్.
యోకుల్ అంటే మా భాషలో హిమానీనదమే.
తల్లి ముద్దుగా పెట్టుకున్న పేరు.
చలికి అందరికంటే ముందు వణికేది వాడే.
నేను తోర్ఫీని, గొర్రెలవాణ్ణి.
తాడు పట్టుకోవడం నా పని.

మొదటిరోజే చెప్పింది హాల్‌ఫ్రీదుర్:
కుళ్ళిన గుడ్ల కంపు కొడుతున్నంతసేపూ
తిట్టుకుంటూ నడవండి, ఫరవాలేదు.
కంపు ఉన్నట్టుండి ఆగిపోతే
గాలి బాగుపడిందనుకోకండి.
ముక్కు చచ్చిందని అర్థం.
ముక్కు తర్వాత మనం.

ఇంకోటి: ఎంత అలసినా కూర్చోకండి.
రంగూ వాసనా లేని బరువైన గాలి ఒకటుంది,
పల్లం దొరికితే చాలు, నీళ్ళలా నిండుతుంది.

ఆ మాట నాకు కొత్త కాదు.
కొండ పేలిన ఏడాది నాకు తొమ్మిదేళ్ళు.
మా బీడులో ఒక గుంట,
గుంటలో పదకొండు గొర్రెలు
పడుకున్నవి పడుకున్నట్టే.
లేపుదామని దిగిన కుక్క
వాటి పక్కనే పడుకుంది.
మా నాన్న మోకాలి లోతు చావులో నిలబడి
పొడుగు కర్ర కొక్కెంతో ఒక్కోదాన్నీ ఈడ్చాడు,
ఒక్కసారీ నడుం వంచకుండా.
కుక్కను మాత్రం చివరికి ఉంచాడు.
తల వంచితే పోయే చోట్లు కొన్ని ఉంటాయి.

రేడియోలో పది నిమిషాలకో అంకె.
ఎనిమిది. పన్నెండు. పన్నెండు. ఇరవై ఒకటి.
చేతి తొడుగు తీసి రాసుకుంటున్నాను.
పెన్సిల్ కూడా గడ్డకట్టినట్టుంది.
తర్వాత అంకె లేదు.

లోపలెక్కడో పెద్ద చప్పుడు,
గుర్రం పక్కకి దొర్లినట్టు.
రెండుసార్లు లాగితే ఆగు, మూడుసార్లు లాగితే లాగు.
తాడు ఆ రెండూ చెప్పడం లేదు.
ఆవిరి పైకి లేవడం మానేసి
నా బూట్ల చుట్టూ తిరుగుతోంది.
గాలి పడిపోయింది.

అప్పుడు తెలిసింది.
పొద్దుట్నుంచీ తిట్టుకుంటున్న కంపు
నాకు రావడం లేదు.

మీటరు నా నడుముకే ఉంది,
మూడు స్వెట్టర్ల కింద.
మోగుతోందో లేదో ఆ ఉన్ని ఎరుగు.
తాడు వదిలితే వాళ్ళు.
వదలకపోతే నేను.
మెడ నిటారుగా పెట్టి, తాడు వదుల్తూ వదుల్తూ
బూడిద గట్టు మీదికి ఎక్కాను,
తాడు ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకు.
ఏడడుగులు ఒప్పుకుంది.

పైన కాస్త గాలి.
దానితోపాటు, నిదానంగా,
కుళ్ళిన గుడ్లు.
కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.
పెళ్ళిరోజు మా ఇంట్లో కాల్చిన రొట్టె కూడా
అంత కమ్మగా లేదు.

రేడియో నోటికి ఆనించి అరిచాను: ఇటు రాకండి!
కాసేపటికి హాల్‌ఫ్రీదుర్ గొంతు, చిరాగ్గా:
ఎటూ రాలేం. నిరుడు కొలిచిన రెండో గది లేదిక్కడ.
కప్పు కూలింది. ఆకాశం కనబడుతోంది.
మన నంబరు వేసిన మేకు
పగటి వెలుతుర్లో వేలాడుతోంది.
తాడు కోసెయ్. పై నుంచి వస్తాం.

ఇరవై ఏళ్ళ గొర్రెలవాణ్ణి,
తాడు కొయ్యడం అంత తేలిక కాలేదు.

సాయంత్రం గుడారంలో ఎండుచేప నములుతూ
యోకుల్ పటంలో ముప్పై ఎనిమిది మీటర్లు చెరిపాడు.
చెరిపినచోట కాగితం పల్చబడింది.
నీ మీటరు ఎంత చూపింది? అడిగింది ఆమె.
చూడలేదన్నాను.
చేప పక్కన పెట్టి నన్ను చాలాసేపు చూసింది.
తిట్టలేదు. తిడితే బాగుండేది.

పుస్తకం తెరిచి ఒక వరుస రాసింది:
కింది ద్వారం, గాలి ఆగినప్పుడు పనికిరాదు.
గమనించినవారు: తోర్ఫీ, రైతు.

శాస్త్రంలో నా పేరు అలా ఎక్కింది.
నేను కనిపెట్టింది ఒక్కటే:
ఏమీ వాసన రాకపోవడం.