లిఫ్టరు చేతులు

శుక్రవారం మాపటేల, సల్మాబాద్ క్యాంపు వెనుక
రెండు స్కాఫోల్డింగ్ పైపులకు కట్టిన వల.
జిప్సం పొడితో గీసిన గీతలు
గాలికి సగం పోయినయ్.
భూమన్న నా పక్కన కూసోని
బూటుతో ఇసుకను గీకుకుంట అడిగిండు:
"సిత్రా వాళ్లతోని ఆట.
మొదటి సెట్టుకే వినేశ్‌ను దించుదామా,
ఈ సీజనంత నీ వెనుక కూసోబెడుదామా?"

తొమ్మిదేండ్ల సంది లిఫ్టరును నేనే.
ఎవరు కూసోవాలె అని
కుర్చీని అడిగినట్టుంది.

పోరడు బహ్రెయిన్‌ల దిగి పదిహేడు రోజులు.
ఇంకా పచ్చ హెల్మెట్టే.
మా కంపెనీల కొత్తోళ్లకు మూడు నెలలు అదే పెడతరు,
కింద నిలబడి కప్లర్లు అందియ్యాలె,
పైకెక్కద్దు.
ఆ రూలు కింద ఉన్న సంతకాల్ల నాదొకటి.
ఎందుకు పెట్టిన్నో వానికి చెప్పలే.
నాలుగో అంతస్తు పలక మీద
ఒక బూటు మిగిలింది,
అంతవరకే చెప్త.

నేను మూడేండ్లు కూసున్న.
అప్పటి లిఫ్టరు కుంజప్పన్, త్రిస్సూరాయన.
ఆయన తాగే నీళ్లు మోసిన.
బెంచీ మీద ఏం నేర్చినవంటే,
రాజమొగిలికి బంతి వలకు ఆనుకొని కావాలె,
ఇబ్రహీంకు మూరెడు ఎడం,
భూమన్న రాత్రి ఇంటికి ఫోన్ చేసిన తెల్లారి
ఏ బంతిచ్చినా బయటికే కొడతడు.
ఇంకోటి కూడ నేర్చిన.
కుంజప్పన్ తప్పు చేసినప్పుడల్లా
లోపల ఎక్కడ్నో సంబురపడుడు.

"కొత్త బిచ్చగాడు పొద్దెరుగడు,
కూసోబెట్టుండ్రి" అన్నడు పెయింటర్ లచ్చన్న.
"ముందొచ్చిన చెవులకన్న వెనకొచ్చిన కొమ్ములు వాడి"
అన్నడు మెస్సుల చపాతీలు కాల్చుకుంట సాయిలు.
చెవులను ఎవ్వరు అడగలే.

నిన్న బస్సుల వాని చేతులు చూసిన.
నిద్రపోతుండు, అరచేతులు పైకి తెరుచుకొని.
ఆసిఫాబాద్ దిక్కు చేన్లల్ల
కాయ గుచ్చుకోకుండ పత్తి తీసిన వేళ్లు,
బంతిని పట్టకుండనే పట్టి వదిలే వేళ్లు.
నావి చూసుకున్న.
స్పానరు తిప్పి తిప్పి స్పానరు తీరే వంగినయ్.
ఇప్పుడు బంతి నా చేతులకు తాకుతది,
వినపడది.

మూడేండ్లు కూసోబెడితే
వానికి తెలివి వస్తది, నిజమే.
రోజుకు రెండొందల కప్లర్లు బిగిస్తే
అప్పటికి ఆ చేతులుంటయా?

పైన పడితే పట్టేటోడు లేడు.
ఈడ పడితే ఇసుకనే కదా,
వారం దినాలు మెస్సుల నవ్వుతరు, మర్చిపోతరు,
దీనికి కూడ పచ్చ హెల్మెట్టెందుకు
అని అనబోయి ఆగిన.
మునుపు ఒక పోరడుండె, కరీంనగర్ దిక్కోడు,
వానివీ మంచి చేతులే.
ఒక్క సాయంత్రం నవ్విన నవ్వుకు
మళ్ల బంతి ముట్టలే.
ఇసుక మీద పడ్డోళ్లందరు లేస్తరని ఎవరన్నరు?

"దించు" అన్న భూమన్నతోని.
న్యాయం చూసి అన్న అనుకుండు వాడు.
సగం మోకాలు చూసి అన్న.

జనరేటరు అందుకుంది, లైటు వెలిగింది.
దూరంగ రిఫైనరీ మంట.
ఎంపైరు నిచ్చెన ఎక్కిండు.
వినేశ్ వేళ్లకు టేపు చుట్టుకోబోతుంటే
వద్దన్న. అదొక్కటే నేను నేర్పింది.

మొదటి బంతి వలల పెట్టిండు.
రెండోది రాజమొగిలి నెత్తి మీదికెళ్లి పోయింది.
లచ్చన్న నా దిక్కు చూడకుంట
"పొద్దెరుగడు" అన్నడు.
మూడోది, ఎవ్వరనుకోని దిక్కు,
వెనక్కి, ఇబ్రహీంకు,
సరిగ్గ మూరెడు ఎడం.
ఆ మూరెడు వానికెవరు చెప్పిన్రు?
నేనైతే చెప్పలే.

అయినా షాటు గీత దాటింది.
సిత్రా వాళ్లు ఈలలేసిన్రు.
మనోళ్లు నా దిక్కు చూసిన్రు.
నేను వంగి
ఊడని లేసు కట్టుకున్న.