ఒక నూలు కుడికి

సంగడిగుంటలో మిద్దె మీద
మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి.
కాలు పెట్టుకోవడానికి నాలుగు ఇటుకలు పరిచి
"వాటి మీదే నడువు సుభానీ అన్నా" అంది మార్తమ్మ.
నడిచాను.
చేతిలో పదమూడో నంబరు స్పానర్,
మెడలో మీటరు,
ముక్కు నిండా ఏప్రిల్.

టీవీ ఇంకా రాలేదు.
సాయంత్రం ఆటోలో వస్తుందట.

డిష్షు ఆగ్నేయానికి చూడాలి.
వాస్తులో అది పొయ్యి మూల.
మా లెక్కలో ఆ దిక్కున
ముప్పై ఆరు వేల కిలోమీటర్ల అవతల
ఒక పెట్టె కదలకుండా కూర్చుని ఉంటుంది.
ఇక్కడ నేనొక నూలు తప్పితే
అక్కడ గుంటూరు నుంచి హైదరాబాదు దాకా తప్పినట్టు.
కొత్తగా చేరిన కుర్రాళ్ళకి ఇదే చెప్తాను.
నవ్వుతారు.

మీటరు పోయినవారం నల్లపాడులో పిట్టగోడ మీంచి పడింది.
ముల్లు ఏడు దగ్గర ఇరుక్కుపోయింది.
ఆఫీసులో చెబితే పద్దెనిమిది వందలు కోత.
చెప్పలేదు.
కూత బాగానే ఉంది కదా అనుకున్నాను,
సిగ్నల్ పెరిగేకొద్దీ సన్నబడే కూత:
మొదట దోమ, తర్వాత ఈల,
ఆ తర్వాత సూది.

నట్లు వదులు చేసి
పళ్ళెం అంచులు పట్టుకుని
కుడికి. ఇంకా కుడికి.
దోమ. ఈల.
ఈల సన్నబడింది, సన్నబడింది,
ఆగిపోయింది.
వెనక్కి తిప్పాను. ఈల.
మళ్ళీ కుడికి. ఏమీ లేదు.
కేబుల్ కొస గీకి మళ్ళీ బిగించాను.
బ్యాటరీ నాలుక మీద పెట్టి చూశాను,
చురుక్కుమంది.

నీళ్ళ ట్యాంకు నీడలో
చేతులకి ప్లాస్టిక్ సంచులు కట్టుకుని
తొడిమలు తీస్తున్న కెజియా తలెత్తింది.
"కదపొద్దు అంకుల్, గట్టిగా మోగుతోంది."
"ఏది?"
"మీ మెడలోదే.
గాజు మీద గోరు గీసినట్టు. మీకు చిరాగ్గా లేదా?"

డిష్షుల్లోకి రాకముందు పద్నాలుగేళ్ళు
ఏటుకూరు రోడ్డు కారం మిల్లులో రోకళ్ళ పక్కన ఉన్నాను.
కుక్కర్ కూతలు లెక్క తప్పుతానని
ఇంట్లో నవ్వుతారు, నేనూ నవ్వుతాను.
అంటే ఇన్నాళ్ళూ
ముల్లు చూసుకుంటూ నెట్టుకొచ్చానన్నమాట.

"పెరుగుతుంటే చెయ్యెత్తు, తగ్గితే దించు" అన్నాను.
లేచి నిలబడింది.
ఎర్రమరకల సంచీ చెయ్యి
నడుము దగ్గర, భుజం దగ్గర, చెవి దగ్గర.
"ఒక నూలు కుడికి తిప్పుతున్నా, చూడు."
"నూలంటే?"
"తొడిమ మందం."
ఆ కొలత ఆ పిల్లకి బాగా తెలుసు.
చెయ్యి తల దాటింది.
మడమలు లేచాయి.

నాకు వినిపించింది
గేటు దగ్గర లారీ హారను,
నా ఊపిరి.

బిగించేటప్పుడు ప్రతి నట్టూ కొంత దొంగిలిస్తుంది.
చెయ్యి భుజం దాకా జారింది.
వదులు చేసి, జారేంత మేర ముందే ఎదురిచ్చి
మళ్ళీ బిగించాను.
చెయ్యి పైనే ఉండిపోయింది,
నేను చాలనేదాకా.

మార్తమ్మ మజ్జిగ తెచ్చింది.
"కుదిరిందా?"
"కుదిరింది" అంది కెజియా, నాకంటే ముందు.

కాగితంలో సిగ్నల్ అని ఒక గడి ఉంటుంది.
అంకె వెయ్యాలి.
మడమలెత్తి నిలబడ్డ పిల్లని ఎంత అని వెయ్యను?
తొంభై వేశాను.

ఇవాళ ఇంకా నాలుగిళ్ళున్నాయి.
మెట్ల మీద ఆగి అడ్రసులు చదువుకున్నాను.
ఆనందపేట, నల్లచెరువు, పాత గుంటూరులో రెండు.
పేరు, ఇంటి నంబరు, ఫోను.
పిల్లలున్నారో లేదో
ఎక్కడా రాయరు.