బొమ్మ ఉచితం

కావలి ట్రంకు రోడ్డులో
పాత క్యాసెట్ల కొట్టుకే కొత్త బోర్డు తగిలించిన
మిక్సింగ్ సెంటర్ నాది.
ముహూర్తాల్లేని నెల. ఫ్యాను కింద ఈగలు, నేను.

మాలకొండయ్య వచ్చి
లుంగీ మడతలోంచి పెన్‌డ్రైవ్ తీశాడు.
పొగాకు పొడి అంటుకొని ఉంది దానికి.
"ఇస్కపల్లి కాడ రొయ్యల గుంటలబ్బయ్యా, కాపలా నేనే.
మొన్న రేత్రి ఏరేటర్లు ఆగిపోయినయ్.
తెల్లారేసరికి గట్టెంబడి రొయ్య తేలింది.
కెమెరాలో ఏముందో చూసి పెట్టు.
రేపు రెడ్డొస్తాడు."

నొక్కితే నల్లటి తెర.
ఆ నలుపు మీద ఒక మర్యాదైన వాక్యం:
ఈ వీడియోకి కోడెక్ కావాలి, కొనుక్కోండి.
ధర చూస్తే రెండు టీలు, ఒక ప్లేటు పులిబొంగరాలు.

కోడెక్ అంటే ఏందన్నాడు.
ఎట్టా చెప్పేది?
చాప చుట్టినోడికే తెలుసు ఎట్టా చుట్టాడో,
విప్పే కిటుకు వాడి దగ్గర కొనాలి.
లేదంటే, మనకు ఊరూ పేరూ తెలియని పదిమంది
రాత్రిళ్లు మేలుకొని ఆ ముడి విప్పే విద్య రాసి
దారిలో పెట్టి పోయారు, చలివేంద్రం కుండ లాగా.

"ఊరికే ఇచ్చేదాంట్లో విషం ఉండదా?"
ఉండొచ్చు.
ఒకసారి ఉచితం అని ఏదో దించుకుంటే
బిట్రగుంట వాళ్ల పెళ్లంతా, తలంబ్రాలతో సహా,
తాళం పడిపోయింది.
ఆ సంగతి చెప్పలేదు అతనికి.
ఈ ప్లేయరు నాకు పదేళ్ల నేస్తం అని మాత్రం అన్నా.

తెరుచుకుంది.
ముందు ఆకుపచ్చ గళ్లు, తర్వాత ముక్కలు ముక్కలుగా నీళ్లు.
నా ముసలి కంప్యూటరు ఆయాసపడతా, ఆగతా, ఈడస్తా...
రెండూ నలభై.
చక్రాలు నీళ్లు చిమ్ముతున్నాయి.
తలకి తువ్వాలు చుట్టుకున్న మనిషి ఒకడొచ్చాడు,
సెల్లు ఒక చెవికి ఆనించి, రెండో చెవి అరచేత్తో మూసుకొని,
స్విచ్చుల పెట్టె దాకా నడిచి
చెయ్యెత్తాడు.
చక్రాలు ఆగాయి.

నా పక్కన కుర్చీ కిర్రుమంది.

శబ్దం రాలేదు.
ఉచితం బొమ్మ దాకానే తెచ్చింది.
మాట ఇంకా కెమెరా కంపెనీ గూట్లోనే ఉంది,
దానికి వేరే తాళం, వేరే డబ్బు.
తెర మీద నోరు కదులుతోంది.
చూసి చూసి మాలకొండయ్యే మొదలుపెట్టాడు,
తన నోటికి తనే మాట అందిస్తా:
"ఇక్కడ, ఎవురూ అన్నా. హోరులో ఇనపళ్లా.
ఇక్కడ ఆపినా, ఒక్క నిమిషం అనుకోని.
ఇక్కడ మా చెల్లెలు.
పదకొండేళ్లయింది దానికీ నాకూ మాటల్లేక.
అన్నా, నిద్దరపోయావా అనింది."
తెర మీద మనిషి గట్టు మీద కూలబడ్డాడు.
"ఇక్కడ నేనేమీ అనలా.
ఇక్కడా అనలా."

మూలన అంకెలు నడుస్తున్నాయి. మూడు. మూడుంబావు.
చక్రాలు అట్టాగే ఉన్నాయి.

"ఇది డబ్బు కడితేగానీ తెరుచుకోదని చెప్పరాదా రెడ్డికి?"
అడిగి, నేను నోరు తెరవకముందే
"వద్దులే" అన్నాడు.
పెన్‌డ్రైవ్ మూత కోసం బల్ల కింద వెతుక్కున్నాడు.
ఎంతివ్వాలన్నాడు. ఏమీ వద్దన్నా.
ఊరికే అయితే వద్దని
పది రూపాయల నోటు కీబోర్డు కింద దూర్చి పోయాడు.

రాత్రి షట్టరు సగం దించి
ఆ రెండో తాళం కొన్నాను, నా డబ్బుతో.
ఎందుకని అడక్కండి.
రెడ్డికి బొమ్మ చాలు, బొమ్మ ఆయనదే.

హోరు. హోరు. హోరు. టక్.
ఆ తర్వాత కప్పలు. ఎంతసేపో కప్పలు.
వాటి మధ్యలో ఎక్కడో, దగ్గు లాంటి ఒక మగ గొంతు:
"తిన్నావా పాపా?"
మళ్లీ కప్పలు.