బెత్తెడు లోతు

మొక్కై వంగనిది మానై వంగదంటారు.
కెయిత్‌నెస్ తీరంలో ఆ సామెత చెల్లదు,
అక్కడ మానులే లేవు.
ఉన్నదల్లా గాలి, గొర్రెలు, ఉప్పు తిన్న గడ్డి,
ఇసుక దిబ్బల మధ్య పద్దెనిమిది జెండాలు,
వాటి వెంట, తోపుడుబండి వద్దని
సంచీ భుజాన వేసుకుని
డెబ్బై మూడేళ్ళ ఇష్‌బెల్ మోవాట్.
ముప్ఫై ఏళ్ళు ఊరందరి ఉత్తరాలూ మోసిన భుజం అది.

పోయిన సెప్టెంబరులో, పదకొండో గుంత దగ్గర,
ఆమె బంతి మూరెడు ఇవతల ఆగింది.
"ఇచ్చేశాంలే" అన్నాడు టోర్‌క్విల్ గన్.
కొట్టక్కర్లేదు, పడ్డట్టే లెక్క అని.
ఆటలో అది మర్యాద. మూరెడైతే ఎవరైనా ఇస్తారు.
బారెడు దూరానివి కూడా ఇచ్చేస్తున్నారని
ఆమెకి ఆ రోజే తట్టింది.
టోర్‌క్విల్ తన పట్టర్ అంచుతో బంతిని ఎగరేసి
ఆమె చేతిలో పడేశాడు,
పసిపిల్లకి చెంచాతో పెట్టినట్టు.

వాళ్ళు ఇస్తున్నది గుంత కాదు,
వంగడం నుంచి సెలవు.

ఆ సాయంత్రం బూట్లు విప్పుకోలేక
బూట్లతోనే టీ తాగింది.

థర్సోలో ఫిజియోథెరపిస్టు రోనా, ముక్కుకి పుడక,
"ఎంత దూరం కొట్టాలని మీ కోరిక?" అని అడిగింది.
"దూరం ఎవరిక్కావాలి?
నాకు లోతు కావాలి. బెత్తెడు."

మధ్యాహ్నం మూడున్నరకే చీకటిపడే చలికాలం.
కెటిల్ మరిగేదాకా ఒంటికాలి మీద కొంగ,
జపం లేదు, సింకు అంచు మీద ఒక్క వేలు.
టీవీలో ప్రకటనలొచ్చినప్పుడల్లా
చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం.
చీపురు కర్ర భుజాలకి అడ్డంగా పెట్టుకుని
కవ్వం తిప్పినట్టు నడుము తిప్పడం.
నవంబరులో పొయ్యి దాకానే తిరిగేది చూపు.
క్రిస్మస్‌కి ఫ్రిజ్.
ఫిబ్రవరిలో, వెనక గోడ మీది క్యాలెండర్:
ఇంకా డిసెంబరే చూపిస్తోంది, ఎవరూ తిప్పలేదు.

మోకాలికి కట్టిన బఠాణీల సంచీ
ఎన్నిసార్లు కరిగి గడ్డకట్టిందో.
ఇక తినడానికి పనికిరావు, పారేయబుద్ధీ కాలేదు.
జనవరిలో ఒక వారం ఏమీ చేయలేదు.
మంచు, విసుగు, పాత ఫోటోలు.
ఆ వారం సంగతి రోనాకి చెప్పలేదు.

ఏప్రిల్. మళ్ళీ పదకొండో గుంత.
బంతి జానెడు ఇవతల.
"ఇచ్చే..."
"నోరు మూసుకో టోర్‌క్విల్" అంది, ప్రేమగానే.
కొట్టింది. డబ్బాలో గవ్వ పడ్డ చప్పుడు.

అప్పుడు వంగింది.
నడుము దగ్గర కాదు, తుంటి దగ్గర,
ఒక కాలు వెనక్కి గాల్లోకి లేస్తుంటే
పట్టర్ మీద ఒక చెయ్యి, రెండోది గుంతలోకి.
లోపల చల్లగా ఉంది. తడి ఇసుక.
ఎన్నేళ్ళయిందో ఆ చల్లదనం తాకి.
ఒక్క క్షణం ఎక్కువే ఉండిపోయింది.
పట్టేసిందేమోనని టోర్‌క్విల్ ముందుకొచ్చాడు.
పట్టెయ్యలేదు. అలా ఉంది, అంతే.

లేచింది. మోకాలు ఏదో గొణిగింది,
అది గొణగని రోజు లేదు, పట్టించుకోలేదు.

ఇప్పుడతని వంతు. బంతి వేశాడు,
పట్టర్ తిరగేశాడు.
పిడి చివర చిన్న రబ్బరు గిన్నె,
వంగకుండానే బంతిని పీల్చి పైకి తెచ్చేది.
ఎన్నాళ్ళుగా ఉందో, ఆమె ఇవాళే చూసింది.
బంతిని ఎగరేసి చేతికిచ్చే ఆ నేర్పు
ఎక్కడ నుంచి వచ్చిందో కూడా.

ఏమీ అనకుండా మళ్ళీ వంగి
అతని బంతి తీసి, ఇసుక తుడిచి, అరచేతిలో పెట్టింది.
అతను సముద్రం వైపు చూశాడు,
అక్కడ పడవలేమీ లేకపోయినా.

పన్నెండో గుంతకి నడుస్తుండగా అడిగింది:
"మీ ఇంట్లో చీపురు కర్ర ఉందా?"