వెర్రిలింగం సైకిలు

మూర్ మార్కెట్ తగలబడడానికి ముందటేడు
ఎగ్మూరు లాడ్జి మెట్ల కింద
కామెర్లతో కళ్ళు పసుపెక్కిన దొర ఒకడు
ఎనిమిది వందలకి దీన్ని నాకు ఒప్పజెప్పాడు.
అమ్మాడనను.
ముందు బ్రేకు ఒకసారి నొక్కి వదిలి
తోలు సీటు మీద అరచెయ్యి ఆనించి
లెక్కపెట్టకుండానే నోట్లు జేబులో కుక్కుకున్నాడు.
నాకది నెలన్నర జీతం.

ముదురాకుపచ్చ ఉక్కు గొట్టాలు.
గొట్టం గొట్టాన్ని కలిసే చోట
ఇత్తడి కరిగించి పోసిన అతుకు,
తమలపాకు మొనలాంటి అంచు.
గేర్లు మార్చే చెవులు రెండూ కింది గొట్టం మీద.
వంగి, తడిమి, చప్పుడుని బట్టి పన్ను వెతుక్కోవాలి,
కరెంటు పోయిన ప్రెస్సులో
కేసులోంచి ణ-వత్తు తీసినట్టు.

పై గొట్టం మీద తెల్లక్షరాల్లో ఆయన పేరు: వెర్లిండెన్.
నేను గీకెయ్యలేదు.
పేజీలు కట్టే మునిరత్నం కూడబలుక్కుని చదివి
"వెర్రిలింగమా!" అన్నాడు.
అంతే.
అమ్మానాన్నలు పెట్టిన దశరథరామిరెడ్డి
జీతాల పుస్తకంలో మిగిలిపోయాడు.

మన టైరు దానికి పట్టదు.
ఇరవయ్యెనిమిది పెద్దది, ఇరవయ్యారు చిన్నది,
ఇరవయ్యేడు కోసం పుదుపేటలో
దస్తగిరి కొట్టు ముందు ఎన్ని ఆదివారాలో!
"ఇంతలా తిరిగి పెళ్ళానికో చీర తెచ్చావా ఎప్పుడన్నా?"
నూనె చేతుల్తో టీ గ్లాసు అందిస్తూ అనేవాడు.
తేలేదు.
కమలవేణి కూడా అడగలేదు.
వెనక ఎక్కమంటే మాత్రం
"అది దొరది. నా మాట వినదు" అనేది.

ఒక్కసారి ఎక్కింది,
ఆటోల సమ్మె నాడు,
పెరంబూరు నుంచి కీళ్పాక్ దాకా,
పంటినొప్పికి దవడ పట్టుకుని.
దారంతా ఒక్క మాట లేదు.
ఆ బరువుకి క్యారియర్ కడ్డీ ఎడమ పక్కకి ఒంగింది.
కొట్టి సరిచేస్తానన్నాడు దస్తగిరి.
తర్వాత చూద్దాంలే అన్నాను.
ఆమె పోయాక అతను మళ్ళీ అడగలేదు.

శనివారం రాత్రి ఆఖరి ఫారం దించాక
గుమ్మిడిపూండి మీదుగా తడ దాకా తొక్కేవాణ్ణి.
డైనమో దీపం నా కాళ్ళలో ఎంత సత్తువుంటే అంత వెలిగేది.
తెల్లారేసరికి బోర్డుల మీద
గుండ్రటి అక్షరాలు మొదలయ్యేవి.
వారమంతా సీసంలో, అద్దంలోలా తిరగేసి చదివినవి
అక్కడ నిటారుగా నిలబడి
నాకేసి చూసేవి.
ఒక టీ తాగి తిరుగుముఖం పట్టేవాణ్ణి.
ఎందుకెళ్ళావంటే చెప్పలేను.

పదిహేనులో వాన వచ్చి
ఓటేరి కాలవ మా మెట్లెక్కినప్పుడు
రెండు రోజులు మునిగింది.
సీటు ఊడదీసి తలకిందులు చేస్తే
గొట్టంలోంచి గ్లాసెడు బురద, బతికే ఉన్న బొద్దింక.
ఎండబెట్టి, కిరసనాయిలు పట్టించాను.
ఇప్పటికీ ఎత్తి కుదిపితే
లోపల ఇసుక గలగలమంటుంది.

నిన్న ఒక కుర్రాడొచ్చాడు.
"రంగు పాతదేనా అంకుల్?
ఈ పేరొక్కటి చెరిపేయిస్తే చాలు" అన్నాడు.
నలభై వేలన్నాడు.
నా మోకాలు నాకంటే ముందే ఊఁ అనబోయింది.
తొక్కి చూడమన్నాను.

అప్పుడు తట్టింది.
నలభై ఏళ్ళలో
ఇది వెళ్తుంటే నేను చూడనేలేదు.
ఎప్పుడూ దాని మీదే ఉన్నాను.
వెనక చక్రం ఇంత సన్నమా!
ఒంగిన క్యారియర్, ఎడమకి,
ఎవరో పక్కకి తిరిగి కూర్చున్నట్టే ఉంది.
ఎగ్మూరు మెట్ల దగ్గర ఆ పొద్దు
నేను వెనక్కి తిరగలేదు.
తిరిగి ఉండాల్సింది.

రేషన్ కొట్టు దగ్గర తొక్కడం ఆపినట్టున్నాడు,
ఫ్రీవీలు టికటికమంది.
మలుపు తిరిగింది.
చేతిలో కుర్రాడి నీళ్ళ సీసా.
మూత విప్పాను, బిగించాను,
మళ్ళీ విప్పాను.