లెఫ్ట్ గార్డ్

డిసెంబరు. ఫర్నేసు చచ్చిపోయింది.
బాగుచేయడానికొచ్చిన ముసలాయన ఉంగరపు వేలు
కొక్కెంలా వంగిపోయి ఉంది, దేన్నో వదలనట్టు.

ఆ వేలు నేనెరుగుదును.
చొక్కా మీద కుట్టిన పేరు చదవనక్కర్లేదు.
వెర్లిన్ స్టాస్కో, అరవై ఆరో నంబరు,
రెండున్నర సీజన్లు.

బంతి ముట్టని కొలువు వాళ్లది.
మైకులో పేరు వినపడిందంటే
తప్పు చేశారనే.
డెబ్భై ఏడులో, మంచు కురుస్తుండగా, వినపడింది:
అవతలివాణ్ణి పట్టుకున్నాడట.
గెలిచిన ఆట గెలవకుండా పోయింది.
నాన్న విసిరిన బూటు టీవీకి తగిలింది.
ఆ చలికాలమంతా మా ఇంట్లో
మాడిన రొట్టె స్టాస్కో,
స్టార్టవని కారు స్టాస్కో.

ఆనాడు పరిగెత్తినవాడికి
ఈరీ సరస్సు ఒడ్డున కంచు విగ్రహముంది,
నెత్తిన గువ్వలతో సహా.
అతనికి దారి తెరిచిన వీపు
మా బేస్‌మెంట్‌లో, టార్చి పళ్ల మధ్య కరచుకుని,
మోకాళ్ల మీద ఉంది.

కాఫీ అందిస్తూ అనేశాను,
నలభై ఏళ్లుగా నాన్నతో అనలేని మాట:
"మీరారోజు పట్టుకోలేదు. నేను చూశాను."

లోపల నీలిమంట గుప్పున అందుకుంది.
టార్చి నోట్లోంచి తీసి నవ్వాడు.
"పట్టుకున్నాను బాబూ.
రెండు చేతులా."