వచ్చాలేదు

నరసాపురం లేసు సొసైటీలో
విదేశాల బేరగాళ్ళకి ఉత్తరాలు రాసే పని నాది.
ఇంటర్లో ఇంగ్లీషు రెండుసార్లు తప్పాను;
ఆ సంగతి ఇక్కడ దీవెనమ్మగారికి ఒక్కరికే తెలుసు.

ఇవాళ రాయాల్సింది చిన్న ముక్కే.
ఏటికి ఎర్రనీరొచ్చింది, పంటు కట్టేశారు,
సఖినేటిపల్లి వైపు నుంచి ముప్ఫై టేబుల్ క్లాతులు రాలేదు.
"డిడ్ నాట్ కేమ్" అని కొట్టి
దాని కింద పడ్డ ఎర్రగీతని చూస్తూ కూర్చున్నాను.
నిన్నటి మాటే కదా, కేమ్ కాకపోతే ఇంకేం?

దీవెనమ్మగారికి ఏబీసీడీలు రావు.
సూది ఆపకుండానే అడిగారు:
"తెలుగులో ఏమంటావే దాన్ని?"
రాలేదు అంటానండి.
"వచ్చాలేదు అనవేం?"

నవ్వాను.
తర్వాత నవ్వు ఆగిపోయింది.

మాటలు నేర్చిన నాటి నుంచీ నా నోట్లోనే ఉందా ఈ రూలు!
కాలాన్ని "లేదు" నెత్తికెత్తుకుంటే
"వచ్చింది" తన బరువంతా దించేసి
ఉత్త "రా" అయిపోతుంది,
తట్ట పక్కమనిషికిచ్చి
చేతులూపుకుంటూ గట్టెక్కిన కూలీలాగ.

కేమ్ చెరిపి కమ్ పెట్టాను. గీత పోయింది.

"రోజూ గొణుక్కుంటావు, హ్యావ్, హ్యాడ్ అని. అవేంటి?"
ఆవిడ ఒళ్ళో పువ్వే చూపించాను.
ఆరు రేకులు అల్లేశారు, దారం ఇంకా వేలికే ఉంది: హ్యావ్ అండి.
పొద్దున్న కరెంటు పోయేసరికే నాలుగు అల్లేసి ఉన్నారు: హ్యాడ్.
జరిగిపోయినవి రెండుంటే
ముందు జరిగినదానికే ఆ పీట.

"బాగానే ఉంది. శుక్రవారానికి పంపేస్తామని రాయి.
ఏరు తగ్గితే, అని కూడా రాయి."
ఇఫ్ అని కొట్టి, అలవాటుగా విల్ కొట్టి,
ఆగాను.
"తగ్గితే"కి మాత్రం కాలం ఉందా?
నిన్నా కాదు, రేపూ కాదు,
గట్టు మీద నిలబడి నీటిమట్టం చూస్తున్న మాట అది.
విల్ తీసి "పంపుతాం" పక్కకి జరిపాను.

అవతలి ఒడ్డున వీరవేణి
క్లాతుల్ని యూరియా సంచిలో చుట్టి అటకెక్కించిందట.
సంచి లోపల ఇంకో కవరు వేసిందో లేదో,
ఫోను కలవట్లేదు.

దీవెనమ్మగారు దారం పళ్ళతో తెంపారు.
సెండ్ నొక్కాను.
సెంట్ అని పడింది.
ఆ ఒక్క క్రియకీ
ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది.